సులువు మాస్టారు

శనివారం రాత్రి తొమ్మిదింటికి రంపచోడవరంలో ఒక డాబా మీద, ఫోను పైకెత్తి పట్టుకుని నీళ్ళ ట్యాంకు చుట్టూ ప్రదక్షిణాలు చేసే కుర్రాడు కనిపిస్తే భక్తుడనుకునేరు. ఆయన ఆటపెద్ద, మిత్రులకి "మాస్టారు". సిగ్నల్ వెతుకుతున్నాడు. ఆయన కోసం కూకట్‌పల్లిలో ఒక మాంత్రికుడు, కాకినాడలో ఒక దొంగ, డాలస్‌లో పొద్దున్నే కాఫీ కప్పుతో ఒక మరుగుజ్జు వీరుడు కాచుక్కూచున్నారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు అమెరికాలో మొదలెట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఇది. ఆటపెద్ద కథ చెబుతాడు, మిగతావాళ్ళు "నేనైతే తలుపు తంతా" అంటారు, తలుపు విరిగిందో కాలు విరిగిందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నోరూ, కాగితం, పాచికా ఉంటే చాలు. మన మాస్టారికి చాలదు. "ఇంకా సులువైంది దొరికిందిరా" అన్నది ఆయన ఊతపదం.

ఆన్‌లైన్లో ఆడేందుకు మొదట రోల్20 అనే సైటు. 2012లో వచ్చింది, డబ్బు కట్టక్కర్లేదు, పటం తెర మీదే పరుచుకుంటుంది. వానాకాలంలో మాత్రం సగం పరుచుకుని ఆగిపోయేది. కాకినాడ దొంగకి గుహ కనిపించేది, గుమ్మం కనిపించేది కాదు. తర్వాత ఫౌండ్రీ అనే ఇంకో సాఫ్ట్‌వేరు. ఒక్కడు కొంటే చాలు, మిగతావాళ్ళు బ్రౌజర్లోంచి చేరిపోవచ్చు. కాకపోతే మాస్టారు దాన్ని తన కంప్యూటర్లోనే నడిపాడు. కరెంటు పోగానే రాజ్యం, రాకుమారి, రాక్షసుడు ముగ్గురూ ఒకేసారి అంతర్ధానం. ఆపైన మాటలకి డిస్కార్డ్, పటానికి ఔల్‌బేర్ రోడియో. డాలస్ వీరుడు ఇప్పటిదాకా కత్తి దూసినదానికంటే పాస్‌వర్డ్ మార్చిందే ఎక్కువ.

చివరికి వాట్సాప్ వాయిస్ మెసేజీలకి దిగారు. పాచిక బదులు హార్లిక్స్ సీసాలో ఇరవై చీటీలు. తీసినదాన్ని మళ్ళీ మడిచి లోపల పడేసి సీసా కుదిపితేనే లెక్క పాచికతో సమానమవుతుంది. "ఇరవై నంబరు చీటీకి పసుపు మరకుంది, గుర్తుపట్టి తీస్తున్నావ్" అని కాకినాడ దొంగ గొడవపెట్టాడు (దొంగకి కాక ఇంకెవరికి తడుతుంది?). అప్పట్నించీ చీటీ తీసే పని వాళ్ళమ్మగారిది.

కథ మాత్రం మాస్టారు బ్రహ్మాండంగా చెబుతాడు. పుస్తకంలోని కోటలూ సత్రాలూ అవతల పారేసి భూపతిపాలెం రిజర్వాయరు అడుగున డ్రాగన్‌ని పడుకోబెట్టాడు. అది నిద్రలో ఉండగానే పొడిచేద్దామన్నారు మిత్రులు. మాస్టారికి రోషం వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడి తుపాకులు పట్టుకెళ్ళిన అల్లూరి సీతారామరాజు కథలు వింటూ పెరిగినవాడాయె. ఆ తర్వాత రాజుగారి పద్ధతి, ముందు మిరపకాయలు కట్టిన హెచ్చరిక ఉత్తరం, అదే మిరపకాయ టపా, తర్వాతే దాడి! "చెప్పకుండా కొడితే మన ఏజెన్సీకే నామర్దా" అన్నాడు. మాంత్రికుడు విధిలేక మిరపకాయలు కట్టి డ్రాగన్‌కి టపా పంపాడు. అది బెదురుతుందా, లేస్తుందా?

"అమ్మా, ఓ చీటీ తియ్యవే!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. సీసా మూత తిరిగింది.

"పదిహేడొచ్చిందిరా. ఇంతకీ పదిహేడు మంచిదేనా? కాకపోతే చెప్పు, ఇంకోటి తీస్తాను."