ఊపిరి అక్కర్లేని పిల్లతో పోటీ

జపాన్‌లో ఉద్యోగం చేసే తెలుగువాడికి రెండు పరీక్షలు తప్పవు. ఒకటి భాషా పరీక్ష. దానికి పుస్తకాలున్నాయి, కోచింగులున్నాయి. రెండోది ఆఫీసు వాళ్ళతో కరావోకే. దానికి సిలబస్సే లేదు. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మా కచో గారు, అంటే సెక్షన్ పెద్దాయన, టై వదులు చేసుకుని "పదండి" అంటారు. ఎక్కడికని అడిగే అమాయకులు మా జట్టులో లేరు.

గది చిన్నది, సోఫాలు మెత్తన, చప్పుడు బయటికి పోదు. టేబుల్ మీద రెండు మైకులు, ఒక తాంబూరిన్, పాటలు వెతకడానికి ఒక పలక ఉంటాయి. ఆ పలక ఎవరి చేతికి చిక్కితే ఆ రాత్రి వాళ్ళదే. కచో గారికి చిక్కితే ఆయన కాలేజీ రోజుల పాటలన్నీ ఏకబిగిన సాగుతాయి, మేం చప్పట్లు కొడతాం. కొత్తగా చేరిన కుర్రాడికి చిక్కితే మాత్రం మికు వస్తుంది. కష్టాలు అప్పుడు మొదలవుతాయి.

హత్సునే మికు మనిషి కాదు. సప్పొరోలోని క్రిప్టాన్ ఫ్యూచర్ మీడియా వాళ్ళు 2007 ఆగస్టు 31న అమ్మకానికి పెట్టిన సాఫ్ట్‌వేర్. ఫుజితా సాకి అనే డబ్బింగ్ నటి గొంతు రికార్డు చేసి ముక్కలు ముక్కలుగా దాచారు. స్వరమూ సాహిత్యమూ టైపు చేస్తే యమహా వారి వోకలాయిడ్ ఇంజిన్ ఆ ముక్కలు అతికించి పాడేస్తుంది. మడమల దాకా నీలిపచ్చ జడలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, వయసు 16. అప్పుడూ 16, ఇప్పుడూ 16. మన హీరోలకు తప్ప ఇంకెవరికీ లేని సౌకర్యం అది.

ఆమె వివరాల పత్రంలో ఇంకో సంగతి కూడా ఉంది: ఆమె గొంతుకు నప్పే వేగం నిమిషానికి 70 నుంచి 150 బీట్లు. పాటలు కట్టేవాళ్ళెవరూ ఆ పత్రం చదివినట్టు లేరు. 2008లో ఒకాయన "హత్సునే మికు అంతర్ధానం" అని 240 బీట్ల వేగంతో ఒక పాట కట్టాడు. మరుగుతున్న నూనెలో ఆవాలు వేసినట్టుంటుంది. పైగా గాయని అలిసిపోదు, మంచినీళ్ళడగదు, గొంతు బాగాలేదని రికార్డింగ్ వాయిదా వేయదు. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరి పీల్చుకోదు.

మన బాలు గారు "ఓ పాపా లాలి" సినిమాలో గుక్క తిప్పుకోకుండా చరణం పాడితే దాన్ని ఒక అద్భుతంగా ఇప్పటికీ చెప్పుకుంటాం. ఈ పిల్లకు అది దినచర్య. ఒక శుక్రవారం మా జట్టులోని వరంగల్ తమ్ముడు పాట సగంలో మైకు కింద పెట్టి సోఫాలో కూలబడ్డాడు.

"అన్నా, గీ పిల్ల ఊపిరెప్పుడు తీస్కుంటదే?"

"ఊపిరితిత్తులుంటే కదా తమ్ముడూ!"

నేనేదో చమత్కారంగా అన్నాను గానీ మికు పాటల రహస్యమంతా అక్కడే ఉంది. కరావోకే యంత్రంలో శ్రుతి తగ్గించుకోవచ్చు. మికు పాటలకు మగవాళ్ళంతా చేసేది అదే. అక్షరాలు రాకపోతే కంజి లిపి నెత్తిమీద చిన్న అక్షరాల్లో పలికే తీరు కనిపిస్తుంది, రంగు మారే కొద్దీ చదువుకుంటూ పోవచ్చు. ఊపిరి తగ్గించే మీట మాత్రం లేదు. ఊపిరితిత్తుల్లేని పిల్ల కోసం కట్టిన పాట ఒక జత ఊపిరితిత్తులతో నడవదు. నాలుగు జతలు కావాలి. అందుకే మికు పాట ఒంటరిగా పాడేది కాదు, జట్టుగా పంచుకునేది అని నా సిద్ధాంతం. ఏ పాటలు ఎంచుకోవాలో దానికదే తేలిపోతుంది.

గది వేడెక్కడానికి "పొప్పిప్పో". 2008 నాటిది. కూరగాయల రసం తాగండహో అని మికు ఊదరగొట్టే పాట. ఆ అక్షరాలే మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి భాష రానివాడు కూడా మొదటి నిమిషంలోనే పండితుడైపోతాడు. బీరు గ్లాసులు పైకెత్తి పచ్చికూరల మహిమ గానం చేయడంలో ఒక ఆధ్యాత్మికానందం ఉంది.

తర్వాత పెద్దల్ని కలుపుకోవాలి. దానికి "సెంబొన్‌జకుర"ను మించింది లేదు. 2011లో కురొఉసపి కట్టాడు. 2015 డిసెంబర్ 31 రాత్రి ఎన్‌హెచ్‌కే వారి కోహకు కార్యక్రమంలో కొబయాషి సచికో అంతటి పెద్ద గాయని దీన్ని పాడారు. జపాన్‌లో ఇంటిల్లిపాదీ చూసే కార్యక్రమం అది. ఆ రాత్రి నుంచి ఈ పాట మా కచో గారి దృష్టిలో మర్యాదస్తుల పాట అయిపోయింది. పల్లవి రాగానే ఆయన లేచి నిలబడతారు. ఆయన నిలబడ్డాక మేం కూర్చుంటే బాగుండదు. అలా అందరూ పాడినట్టే లెక్క.

"మాత్ర్యోష్క" కూడా పెద్దల దగ్గర చెల్లుతుంది. ఒక చిన్న ఉపోద్ఘాతం చాలు. 2010లో దాన్ని రాసిన హచి అనే కుర్రాడే తర్వాత యొనెజు కెన్‌షి అన్న సొంత పేరుతో "లెమన్" పాడి దేశాన్ని ఏడిపించాడు. "లెమన్" అనగానే కచో గారి ముఖం మెత్తబడుతుంది. మికు, గుమి అనే మరో సాఫ్ట్‌వేర్ గాయని ఇద్దరూ పాడిన పాట కాబట్టి కేకలు వేయడానికి అందరికీ చోటుంది.

ఇద్దరికే అయితే "రోకి". 2018లో మికితొపి అనే పాటగాడు, కగమినె రిన్ అనే ఇంకో యంత్రం గొంతుతో కలిసి తానే పాడాడు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు గాలి పీల్చుకోవచ్చు. ఆరోగ్యం దృష్ట్యా నేను సిఫారసు చేసే పాట ఇదొక్కటే.

"మాగ్నెట్" జోలికి మాత్రం పోకండి. 2009 నాటి యుగళగీతం, చాలా అందమైనది. కానీ లోకానికి తెలియకుండా ప్రేమించుకునే ఇద్దరి పాట. అది మొదలయ్యే సమయానికి రెండో మైకు పై అధికారి చేతిలో ఉంటే పాట అయ్యేదాకా ఎటు చూడాలో తెలియదు. ఇంక్రిమెంట్ల నెలలో అస్సలు వద్దు.

"వరల్డ్ ఈజ్ మైన్" కచో గారికే వదిలేయండి. తానొక రాకుమారినని, చెప్పకుండానే అందరూ తన మనసు కనిపెట్టాలని మికు గారాలు పోయే పాట. మా సోమవారం మీటింగులకు వచ్చినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు.

కుర్రకారు కోసం "మెస్మరైజర్" ఒకటి ఉండాలి. 2024లో మికు, కసనె తెతొ కలిసి పాడింది. ఈ తెతొది భలే చరిత్ర. 2008 ఏప్రిల్ ఒకటిన జనాన్ని ఆటపట్టించడానికి నెట్‌లో పుట్టించిన ఉత్తుత్తి గాయని. ఆ ఉత్తుత్తి పిల్ల 2023 నాటికి డబ్బిచ్చి కొనుక్కునే గొంతు అయి కూర్చుంది. ఈ పాటకు చేతులతో వేసే స్టెప్పులున్నాయి. "ఆర్‌ఆర్‌ఆర్" జపాన్‌లో ఆడినప్పటి నుంచి తెలుగువాడికి పుట్టుకతోనే డాన్సు వస్తుందని ఇక్కడివాళ్ళ గట్టి నమ్మకం కాబట్టి నన్నూ తమ్ముడినీ ముందుకు తోస్తారు. వాళ్ళ నమ్మకం ఆ ఒక్క పాటతో చాలావరకు సడలుతుంది.

మార్కులేసే మీట ఆపేయండి. నలుగురు నాలుగు శ్రుతుల్లో అరుస్తుంటే యంత్రం వైబ్రాటో వెతుక్కుంటుంది, పాపం. 1971లో కోబెలో కరావోకే పెట్టె తయారుచేసిన ఇనొఉఎ దైసుకె గారికి 2004లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతుల్లో శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పినందుకు. ఆయన ఉద్దేశం మార్కులు కాదనే నేననుకుంటున్నాను.

ఇక చివరికి "టెల్ యువర్ వరల్డ్" ఉంచుకోవాలి. నిదానంగా మొదలై అందరినీ లేపుతుంది. సరిగ్గా అది పెట్టబోతుండగా గోడ ఫోను మోగుతుంది, ఇంకా పది నిమిషాలే ఉందని. మొన్న కచో గారు ఫోనెత్తి, గడియారం వంకైనా చూడకుండా, "ఇంకో అరగంట పొడిగించండి" అన్నారు. చివరి రైలు గుర్తొచ్చి మేం ముఖాలు చూసుకునేలోపు పలక కుర్రాడి చేతికి పోయింది. తెర మీద "హత్సునే మికు అంతర్ధానం" అని వచ్చింది.

"240 బీట్లురా బాబూ!" అన్నాను తెలుగులోనే.

వాడికి అంకె అర్థమైనట్టుంది. మైకు నా చేతిలో పెట్టి, "ఐదుగురం ఉన్నాం కదా, తలా ఒక మాట పాడదాం" అన్నాడు.