రశీదు లేని రొట్టె

బ్రిటన్‌కు చెందిన చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ 2024 వరకు రూపొందించిన ప్రపంచ దాతృత్వ సూచీ, అనగా ఏ దేశం ఎంత దానశీలమో తేల్చే పట్టిక, జనాన్ని మూడు ప్రశ్నలు అడిగేది: గడచిన నెలలో ముక్కూమొహం తెలియనివారికి సాయపడ్డారా, సొమ్ము ఇచ్చారా, స్వచ్ఛందసేవకు సమయం కేటాయించారా. ఈ లెక్కన ఇండోనేషియా పలుమార్లు అగ్రస్థానంలో నిలిచింది గాని, మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో చేతులు మారే రొట్టెను ఏ గడిలో వేయాలో ఆ పట్టికకు తోచినట్లు లేదు.

పన్నెండుగురు అమరవీరుల సమాధులున్న బారాషహీద్ దర్గా చెంత, కోరిక తీరినవారు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె అని కేకవేస్తే, ఆ అవసరం ఉన్నవారు, ఏ మతంవారైనా సరే, అందుకొని, పని నెరవేరాక మరో ఏడు వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అర్థశాస్త్ర పరిభాషలో ఇది పూచీకత్తూ వడ్డీ లేని అప్పు. పైగా పని జరగకపోతే తీర్చనక్కరలేదు. ఇంతటి ఆర్థిక క్రమశిక్షణారాహిత్యానికి రాష్ట్ర పండుగ హోదా దక్కినా బ్యాంకులు నోరెత్తకపోవడం వాటి సహనానికి నిదర్శనం. దానంపై పన్ను రాయితీ కల్పించేందుకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 80జీ సెక్షన్ వస్తురూప దానాన్ని లెక్కలోకి తీసుకోలేదు కనుక, రొట్టె దాతకు పుణ్యం తప్ప మిగిలేదేమీ లేదు.

2013 నాటి కంపెనీల చట్టం ఈ గందరగోళానికి విరుగుడు కనిపెట్టి, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలని శాసించడంతో, కరుణకు శాతమూ, వార్షిక నివేదికలో ఒక పేజీ ఏర్పడ్డాయి. ఓడరేవూ థర్మల్ కేంద్రాలూ వెలసిన కృష్ణపట్నం తీరానికి ఈ కరుణ కొత్తది కాదు. బూడిద తర్వాత అక్కడికి చేరినది అదే.

కరుణకు ఇంకా శాతం ఏర్పడని రోజుల్లో, నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీ ప్రారంభించిన ఆశ్రమానికి భూమి సమకూర్చిన పొణకా కనకమ్మ, 1923లో నెల్లూరులో బాలికల పాఠశాల స్థాపించి దానికి గాంధీ సతీమణి కస్తూరిదేవి పేరు పెట్టి, నేటి దాతలెవరూ వదులుకోని నామకరణావకాశాన్ని చేజేతులా జారవిడుచుకున్నారు. ఆమెకు సలహాదారుల కొరత ఉండి ఉండవచ్చు.

రొట్టెను ఏ దాతృత్వ సూచీలోనైనా చేర్చాలంటే దాతకు పాన్ నంబరు, గ్రహీతకు ఆధార్, కోరికకు ప్రభావ నివేదిక అవసరమవుతాయి. కోరిక తీరక చెరువుకు తిరిగి రానివారి ఖాతాలను మొండి బకాయిలుగా ప్రకటించాలా, మాఫీ చేయాలా అన్నది మాత్రం ఇంకా తేలవలసి ఉంది.