గిల్బర్న్ విక్రయ ప్రకటన: టీకా తాత్పర్య సహితము

మూలము

“అమ్మకానికి: 1965 గిల్బర్న్ జీటీ. వేల్స్‌లో పుట్టిన అరుదైన కిట్ కారు. పునరుద్ధరణకు చక్కని అవకాశం. తుప్పెరుగని ఫైబర్‌గ్లాస్ బాడీ. ఆపేసిన రోజున ఇంజను బాగానే నడిచింది. తొంభై శాతం సామాను ఉంది. చోటు లేక అమ్ముతున్నాం. ఇప్పటికే చాలామంది చూసి వెళ్లారు.”

టీక

గిల్బర్న్: జైల్స్ స్మిత్, బెర్నార్డ్ ఫ్రీస్ అను ఇరువురి పేళ్ల తోకలు కోసి అతికిన సమాసము. మొదటివాడు మాంసము కొట్టు యజమాని, రెండవవాడు జర్మను ఇంజనీరు. కోత మొదటివాని వృత్తి, అతుకు రెండవవాని విద్య. వీరి తొలి కారు పాంటిప్రిడ్ చేరువనున్న చర్చ్ విలేజ్‌లో ఆ కొట్టు వెనుకనే రూపొందెను.

కిట్ కారు: విడిభాగములుగా కొని ఇంట బిగించుకొనునది. ఆనాటి బ్రిటనులో పూర్తయిన కారునకు కొనుగోలు పన్ను కలదు, భాగములకు లేదు. గృహస్థులు స్పానర్లు పట్టుటకు కారణమిదియే కాని యంత్రభక్తి కాదు. బిగించు విధము వ్రాసి ఇచ్చినచో పన్ను పడునని లోటస్ కార్ల కంపెనీవారు విప్పు విధము వ్రాసి ఇచ్చిరనియు, కొన్నవారు దానిని తుదినుండి మొదటికి చదువుకొనిరనియు ఐతిహ్యము. విలోమకావ్యములు ఎఱిగిన మనకిది వింత గాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయెను. గిల్బర్న్ కంపెనీయు ఆపై ఎక్కువ కాలము నిలువలేదు.

అరుదైన: కొద్దిగా చేయబడిన. ఈ విశేషణము ఇంజనునకు చెల్లదు. అది ఎమ్‌జీబీ అను మఱియొక కారు యొక్క 1798 సీసీ ఇంజను, దాని సామాను నేటికిని దొరకును. తక్కినవానికి మాత్రము ‘వెదకికొనుడు’ అని లక్ష్యార్థము.

పునరుద్ధరణ: ఇచట పూర్వపక్షము. ‘పునః’ అనుటకు మునుపొక పూర్ణరూపము ఉండవలెను గదా? ఫ్యాక్టరీ ఇచ్చినది రంగు వేసిన దేహము. ఇంజను, గేర్‌బాక్సు కూర్చినవాడు తొలి యజమాని. అతడు ఆదివారము మధ్యాహ్నము నిద్రమత్తులో బిగించిన బోల్టు ప్రామాణికమా, ప్రమాదమా? తర్వాతివాడు మార్చిన ఎఱ్ఱ తీగ దిద్దుబాటా, ప్రక్షిప్తమా? మా మతమున దీనికి మూలప్రతి లేదు, పాఠాంతరములే కలవు. కావున కొన్నవాడు మెకానిక్కు మాత్రమే అయిన చాలదు, పరిష్కర్తయు కావలెను. ఏది తీసివేయవలెనో, దేనిని లోపమని తెలిసియు ఉంచవలెనో అతడే తేల్చుకొనవలెను. ఈ కష్టమే ఈ కారునందలి రసము, మెఱయు బంపరు కాదు.

తుప్పెరుగని: దేహమునకు మాత్రమే అన్వయము. దాని అడుగున ఉక్కు గొట్టముల చట్రము కలదు. దానిని గూర్చి కవి మౌనము వహించెను. స్క్రూడ్రైవరుతో గుచ్చి చూచిన ధ్వని తెలియును.

ఆపేసిన రోజున: ఏ రోజో చెప్పలేదు.

తొంభై శాతం: తక్కిన పది శాతమునందు ఏమేమి కలవో అడుగక బయానా ఇయ్యరాదు.

చోటు లేక: కొందఱు వ్యాఖ్యాతలు ఇచట గృహిణిని అధ్యాహారము చేయుదురు. మూలమున ఆమె ప్రసక్తి లేదు గాన అది మాకు సమ్మతము గాదు.

చూసి వెళ్లారు: ‘వెళ్లారు’ అను క్రియయే ప్రధానము.

తాత్పర్యము

ట్రైలరు మీరే తెచ్చుకొనవలెను.