బజారులో సైకిలు: తలకిందుల సలహాలు

బజారులో జనం నడవలేకపోతున్నారు అంటే చాలు, ముందు సైకిళ్ళనూ తోపుడు బండ్లనూ బయటికి పంపించమనే సలహా వస్తుంది. మన నెల్లూరు జిల్లా ఆత్మకూరులో అయినా, ఉదయగిరిలో అయినా ఆ సలహా వినకండి. నేను చెప్పేవి చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయని తెలుసు. సైకిలును ఆపకండి. బెల్లు కొట్టకండి. బజారును వెడల్పు చేయకండి. మూడూ మనస్ఫూర్తిగా చెబుతున్నవే.

ముందు సైకిలు మీద ఎవరు వస్తున్నారో చూడండి. తెల్లారేసరికి పాలక్యాన్లు, ఆ తర్వాత పూలబుట్ట, పదింటికి టీ ఫ్లాస్కు, ఎండెక్కాక ఐసుపెట్టె, సాయంత్రం బడి వదిలాక పిల్లకాయలు. మోటారు బండి కొనే స్తోమత లేకనో, లైసెన్సు వయసు రాకనో, ఆ వయసు దాటిపోయో సైకిలు తొక్కుతున్న మనుషులు. ఆపితే ఎదురు మాట్లాడలేరు. అందుకే ఎక్కడైనా ముందు వాళ్ళనే ఆపుతారు. కోల్‌కతా పోలీసులు 2013లో 174 రోడ్ల మీద సైకిలు తొక్కకూడదన్నారు. దెబ్బ తగిలింది పాలవాళ్ళకీ, ఇంటింటికీ పేపరు వేసేవాళ్ళకీ. గోల రేగాక ఆ జాబితాను తగ్గించక తప్పలేదు. అంత పెద్ద నగరం చేసి చూసి వెనక్కి తగ్గిన పనిని మన చిన్న బజారులో మళ్ళీ మొదలుపెట్టడం ఎందుకు?

కాస్త లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు, వేగం గంటకు 10 కిలోమీటర్లు అనుకోండి. ఇద్దరెక్కిన మోటారు సైకిలు 240 కిలోలు, వేగం 30. దెబ్బ బరువును బట్టి పెరుగుతుంది, వేగాన్ని బట్టి ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. వేగం మూడింతలైతే దెబ్బలో ఉండే శక్తి తొమ్మిదింతలవుతుంది. రెండూ కలిపితే మోటారు బండి శక్తి సైకిలుకు పాతిక రెట్లు. కూరగాయల సంచీతో నడిచే ముసలాయనకు ఏది తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బజారు మొదట్లో అడ్డుకడ్డీ వేయాలంటే మోటారు బండికి వేయండి.

అలాగని సైకిలుకు ఏ కట్టుబాటూ వద్దని కాదు. ఒకప్పుడు మన పట్టణాల్లో సైకిలుకూ మునిసిపాలిటీ బిళ్ళ ఉండేది. రాత్రిపూట దీపం లేకపోతే, డబుల్స్ తొక్కితే పోలీసు ఆపేవాడు. ఆ బిళ్ళను మళ్ళీ తెమ్మని నేననను. డబ్బులు వసూలవుతాయే తప్ప సైకిలు నెమ్మదించదు. కావలసింది వేగానికి హద్దు. నడిచే మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున పోతాడు. పది కిలోమీటర్ల వేగంలో ఉన్న సైకిలు ఒక్క సెకనులో దాదాపు మూడు మీటర్లు దాటేస్తుంది. పైగా మన పాత పెద్ద సైకిళ్ళవి కడ్డీ బ్రేకులు. రబ్బరు దిమ్మలు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటేనే బండి ఆగేది. వానకు రిమ్ము తడిసిందంటే పట్టవు. వెనక క్యారియరు మీద బస్తా ఉంటే అసలే కష్టం. జర్మనీలో నడిచేవాళ్ళకే వదిలిన వీధుల్లో సైకిలు రావచ్చని బోర్డు ఉన్నచోట కూడా నడక వేగంతోనే పోవాలి. మనకూ ఆ ఒక్క రూలు చాలు. బోర్డు మీద అంకెలు రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి: చేయి చాపితే ముందున్న మనిషి వీపు తగిలేంత దగ్గరగా జనం ఉంటే, దిగాలి.

దిగడమంటే పూర్తిగా దిగడం. ఎడమ పెడలు మీద ఒంటికాలు మోపి, రెండో కాలితో నేల తన్నుకుంటూ జారిపోవడం మన దగ్గర అందరికీ అలవాటే. అది దిగడం కాదు. ఆ భంగిమలో బరువంతా ఒక పక్కనే ఉంటుంది, ఎవరైనా అడ్డమొస్తే సైకిలుతో పాటు మీరూ వాళ్ళ మీద పడతారు. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, హ్యాండిలు పట్టుకుని నడవండి. జనం ఏ పక్క ఎక్కువగా ఉంటే మీరు ఆ పక్కకు రండి, సైకిలు అవతలి పక్కన ఉండాలి. పెడలు ఎవరి పిక్కకో కొట్టుకుందన్నా, చీర కుచ్చిళ్ళకు చైను గ్రీజు అంటిందన్నా మీరు పక్క మారాలి. క్యాన్లు, అరటిగెలలు, గడ్డిమోపు లాంటివి రెండు పక్కలా వేలాడేసుకొచ్చే వాళ్ళు ఎంత జాగ్రత్తగా తోసినా దారిలో సగం వాళ్ళదే అవుతుంది. వాళ్ళకు పొద్దున ఎనిమిదిలోపు వేళ ఖాయం చేయాలి. ఆ వేళ వాళ్ళతో కూర్చుని ఖాయం చేయాలి, వాళ్ళ మీద రుద్దకూడదు. పాలు పితికే వేళను ఆఫీసులో కూర్చుని మార్చలేరు గదా.

ఇక బెల్లు. ‘బెల్లు కొట్టుకుంటూ పోరా’ అని పిల్లకాయలకు చెబుతాం. గుంపులో అది సరైన సలహా కాదు. వెనక నుంచి ట్రింగుమంటే ముందు పోతున్న అవ్వ మొదట ఠక్కున ఆగుతుంది. తర్వాత వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు సంచీ ఉన్న చేయి బయటికొస్తుంది, అడుగు ఏ పక్కకు పడుతుందో ఆమెకే తెలియదు. ఎవరో వస్తున్నారని మాత్రమే బెల్లు చెబుతుంది, ఏ పక్క నుంచి వస్తున్నారో చెప్పదు. నోటితో చెప్పండి. “అవ్వా, నీ కుడి పక్కన వస్తుండా, నువ్వట్నే పో.” పెదనాయనా, అక్కా, చిన్నమ్మా, తాతా అని వరస కలిపి పిలవండి. వరసతో వచ్చిన మాటకు ఎవరూ ఉలిక్కిపడరు, దారి ఇమ్మని గదమాయించినట్టూ ఉండదు. పలకలేదంటే చెవుడుండొచ్చు, బెల్లు కొట్టినా వినపడదు. అప్పుడు దిగి వెనకాలే నడవడం తప్ప దారి లేదు. బెల్లును సందులోంచి వీధిలోకి వచ్చే మలుపుకు దాచిపెట్టండి. అక్కడ మనిషి కనపడడు కాబట్టి చప్పుడే కావాలి.

మూడో సలహా చాలామందికి కోపం తెప్పిస్తుంది. బజారును వెడల్పు చేయకండి. నెల్లూరు నుంచి ముంబై పోయే రోడ్డు ఆత్మకూరు మీదుగానే పోతుంది. దాన్ని ఎంత వెడల్పు చేసినా నాకు అభ్యంతరం లేదు, లారీలు పోవాలి. బజారు వీధి పని వేరు. అరుగులు కొట్టి, చెట్లు తీసి, పది అడుగులు కలిపితే ఆ పది అడుగుల్లోకి నడిచేవాళ్ళు రారు, నిలిపిన మోటారు బండ్లు వస్తాయి. మిగిలిన దారిలో పోయేవాళ్ళు ఇంకాస్త వేగం పెంచుతారు. ఇరుకు వీధిలో ప్రతివాడూ నెమ్మదిస్తాడు. అంగడివాళ్ళకూ లాభం అదే. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు ఉన్నాయి. నడిచే మనిషి ఒకటి చేతిలోకి తీసుకుని, వేలితో నునుపు చూసి, పిడి చివర చెక్కడం ఎండకు పట్టి చూసి, ధర అడుగుతాడు. సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి అయినా చూస్తాడు. ముప్ఫై వేగంతో పోయేవాడికి అక్కడ గరిటెలున్న సంగతే తెలియదు.

మరి మోటారు బండ్లను ఏం చేయాలి? పెద్ద ఊళ్ళు ఏం చేశాయో చూడండి. ఢిల్లీ చాందినీ చౌక్‌ను బాగుచేసి 2021లో తెరిచినప్పుడు పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు రాకూడదన్నారు, తొక్కే రిక్షాలను మాత్రం తిరగనిచ్చారు. మనకు పన్నెండు గంటలు అక్కర్లేదు. పొద్దున పది నుంచి ఒంటిగంట, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది చాలు. సరుకు దించుకోవడం పదిలోపు అయిపోవాలి. అంబులెన్సుకూ, నడవలేనివాళ్ళ మూడు చక్రాల బండికీ ఎప్పుడూ దారి ఉండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 115వ సెక్షను ఒక ప్రాంతంలోకి ఫలానా బండ్లు రాకుండా ఆపే అధికారం ఇస్తుంది. నెలరోజులకు మించని ఆంక్షకు గెజిట్‌లో ప్రకటన కూడా అవసరం లేదు, ఊళ్ళో అందరికీ తెలిసేలా చాటిస్తే చాలని ఆ సెక్షనులోనే ఉంది. అంటే ఒక నెల చేసి చూడవచ్చు. ఏఎస్ పేట దర్గా గంధం ఉత్సవానికి వచ్చేపోయేవాళ్ళతో ఆత్మకూరు నిండిపోయే రోజులను ఆ నెలలో కలుపుకోండి. అప్పుడు నిలబడిన ఏర్పాటు మామూలు రోజుల్లోనూ నిలబడుతుంది.

సైకిలు పేరు పెట్టుకుని తిరిగే ఇంకో బండి ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండికి లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. చప్పుడు లేకుండా నడిచేవాళ్ళకు ఐదింతల వేగంతో వెనక నుంచి వస్తుంది. బజారు వేళల్లో దాన్ని మోటారు బండితోనే జమకట్టండి. మోటారు ఆపి నడిపించుకుపోతే పోనివ్వండి. స్కేట్‌బోర్డు చిన్న చక్రాలు మన గతుకుల మీద దొర్లవు గనక ఆ గొడవ మనకింకా రాలేదు. సిమెంటు రోడ్డు నునుపైతే వస్తుంది. అప్పుడూ ఇదే నడక వేగం రూలు పెట్టండి, పిల్లకాయల బోర్డులు లాక్కోకండి.

పిల్లకాయల మాట వచ్చింది కాబట్టి తల్లిదండ్రులకు ఒకటి. ‘సైకిలు ప్రమాదం, నాన్న స్కూటీ తీసుకుపో’ అని పదో తరగతి పిల్లాడికి తాళం ఇవ్వకండి. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే పెద్దవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. శిక్ష భయం పక్కన పెట్టినా, ఇందాకటి లెక్కలోని పాతిక రెట్ల శక్తిని ఒక పిల్లాడి చేతిలో పెడుతున్నామని గుర్తుంచుకోండి.

ఆడపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పించింది. వేలమంది తొక్కుకుంటూ బయటికొచ్చారు.  తర్వాత మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. అలాంటి సైకిలు మీద వచ్చే అమ్మాయిని బజారు మొదట్లో ఆపి వెనక్కి పంపితే ఆమె పోవలసింది లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద. ఆ దారి ఇష్టం లేని తల్లిదండ్రులు ఆమెను బడే మాన్పిస్తారు. మోటారు లేని బండ్లనూ పాదచారులనూ ఎక్కడికి రానివ్వాలో రూల్స్ రాసే అధికారం 2019 సవరణ రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ రూల్స్ రాసేవాళ్ళకు అర్జీ పెట్టదలచుకుంటే ఈ అమ్మాయి గురించి రాయండి.

చివరగా స్టాండు. ఒక కారు నిలిపే చోట పది సైకిళ్ళు పడతాయి. స్టాండును ఊరి చివర పెట్టి, ‘సైకిళ్ళు అక్కడ’ అని బాణం గుర్తు గీస్తే ఎవరూ పెట్టరు, తొక్కుకుంటూ లోపలికే వస్తారు. బజారు రెండు మొదళ్ళలోనూ, మొదటి అంగడి దగ్గరే పెట్టండి. గొలుసు వేసుకోవడానికి ఇనప కడ్డీ పాతండి, గోడకు ఆనించిన సైకిలును ఎత్తుకుపోవడం తేలిక. రుసుము వద్దు. పైన రేకు కాకుండా తాటాకు పందిరి వేయండి. ఉదయగిరిలో మే నెల ఎండకు రేకు కింద గంటసేపు నిలబెట్టిన సైకిలు సీటు మీద కూర్చోవడం ఎవరి తరమూ కాదు.