రాయలవారి టోపీ మనకు పెట్టారు

శ్రీకృష్ణదేవరాయలు ఎలా ఉండేవాడు? అదేం ప్రశ్న అంటారా? ఆరడుగుల మనిషి. పలకలు తేలిన పొట్ట. భుజాన వెల్వెట్ దుప్పటి. నెత్తిన పెళ్ళిమండపమంత కిరీటం. కాళ్ళకు మూతి మెలిదిరిగిన జోళ్ళు. సినిమాల్లో చూశాం, సీరియళ్ళలో చూశాం, ఇప్పుడు ఏఐ గీసిన బొమ్మల్లో పొద్దున్నే వాట్సాప్‌లో చూస్తున్నాం. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఒక సాక్షి ఉన్నాడు పాపం. డొమింగో పాయెస్ అనే పోర్చుగీసువాడు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చి, రాయల్ని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. మధ్యరకం ఎత్తు. సన్నమనలేని ఒళ్ళు. ముఖాన మశూచి మచ్చలు. బంగారు పువ్వులు కుట్టిన తెల్లబట్టలు, మెడలో వజ్రాల హారం, తలమీద జరీ టోపీ. కాళ్ళకు? ఏమీ లేవు. ఉత్త కాళ్ళు! రాజున్న చోటికి ఎవరూ చెప్పులతో పోరట, అందుకే రాజుకూ లేవు.

ఈ వాలకంతో ఇవాళ ఎవడైనా ఆడిషన్‌కు వెళ్తే ఏమవుతుంది? గేటు దగ్గరే ఆపేస్తారు. మరీ మొహమాటపడితే వంటవాడి వేషం ఇస్తారు. అసలు రాయలకు రాయల వేషం దొరకదు!

తెల్లవాడి మాట మనకెందుకు అంటారా? సరే, తిరుమల వెళ్దాం. మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి విగ్రహమై నిలబడి ఉన్నాడు. నెత్తిన కిరీటమా? కాదు. నిటారుగా లేచిన టోపీ. దాని పేరు కుళ్ళాయి. ఆయన పక్కనుంచే గంటల క్యూ తర్వాత తోసుకుంటూ పోతాం. ఎవడు చూశాడు?

ఆయన తమ్ముడు అచ్యుతరాయల కాలంనాటి లేపాక్షి గుడిలో పైకప్పు నిండా రంగుల బొమ్మలు. మగవాళ్ళకు కుళ్ళాయిలు, కబాయిలనే పొడుగు అంగీలు. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు. ఆనాటి ఫ్యాషన్ మొత్తం అక్కడే ఉంది, టిక్కెట్టు లేకుండా. మనం ఏం చేస్తాం? వేలాడే స్తంభం కింద చున్నీ దూర్చి, ఈ పక్కనుంచి ఆ పక్కకు లాగి, వీడియో తీసుకుని వచ్చేస్తాం. తల ఎత్తితే కదా!

ఇంతకీ ఆ టోపీ తెరమీదికి ఎందుకు రాదు? కుళ్ళాయి పారసీకం నుంచి వచ్చిన మాట. కబాయి అరబ్బీ. రెండూ సుల్తానుల కొలువుల ఫ్యాషన్. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ళ దర్జీ పనిని రాయలు ఒంటికి తెచ్చుకున్నారు. అంతకు చాలాముందే విజయనగరాన్ని ఏలిన ప్రౌఢదేవరాయల దర్శనం కోసం కుళ్ళాయి పెట్టుకున్నానని, అంగీ తొడుక్కున్నానని, పైగా వెల్లుల్లి కూడా తిన్నానని శ్రీనాథుడు మొత్తుకున్నట్టు ఓ చాటువు ఉంది. వేషధారణ నిబంధనలు అప్పుడే ఉన్నాయన్నమాట.

మరి ఇది వేదిక మీద పనికొస్తుందా? ‘మన సంస్కృతి మీద పరాయి దాడి’ అని గొంతు చించుకునే నాయకుడి వెనక ఫ్లెక్సీలో, రాయలవారు పారసీక టోపీతో చిరునవ్వు నవ్వితే ఎట్లా? కొంప మునగదూ! అందుకే ఆయన నెత్తిమీంచి తీసేశారు. తీసి ఎవరికి పెట్టారో వేరే చెప్పాలా?

ఆడపిల్లల బట్టల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు మరో జాతి. సంప్రదాయ దుస్తులట. ఏ శతాబ్దపు సంప్రదాయం బాబూ? అమరావతి శిల్పాలు చూశారా? ఆడా మగా నడుముకు బట్ట, ఒంటినిండా నగలు, అంతే. చూసి ఉండరులెండి. వందకు పైగా లండన్‌లో ఉన్నాయి, ఇంకొన్ని చెన్నైలో. మన తాతముత్తాతలు ఏం కట్టుకున్నారో తెలుసుకోవడానికి మనకు వీసా కావాలి. పోనీ రామప్ప దగ్గరే కదా. 1213 నాటి గుడి. అక్కడి మదనికల శిల్పాల్లో ఒకామె కాళ్ళకు మడమ ఎత్తు చెప్పులున్నాయి. ఆవిడకు ఎవరు క్లాసు పీకుతారు?

గుడ్డ సంగతి చూస్తే కడుపు మండుతుంది. మచిలీపట్నం అద్దకాలు ఐరోపా దొరసానుల ఒంటిమీద ఊరేగాయి. మన దేశపు రంగుల నూలుబట్టల ధాటికి తాళలేక బ్రిటన్ పార్లమెంటు 1721లో అద్దకం నూలుబట్టలు తొడుక్కోవడమే నిషేధించింది. అలాంటి నేల మీద పుట్టిన రాజుకు మనం కట్టబెట్టింది పాలిస్టర్! నేతగాడు పక్క వీధిలోనే ఉన్నాడు. ఆగస్టు 7న చేనేత దినోత్సవం నాడు నాయకులు అతని పంచె కట్టి ఫోటో దిగుతారు. ఎనిమిదో తేదీకి అది చాకిరేవుకు పోతుంది. మళ్ళీ ఇస్త్రీ వచ్చే ఆగస్టుకే.

ఇక నాయకుడి పుట్టినరోజు. ఊరూరా జరిగే తంతే. స్టేజీ మీద అట్టకిరీటం, చేతికి గద. ‘అభినవ శ్రీకృష్ణదేవరాయలు’ అని మైకు అరుస్తుంది. కిరీటం పెద్దదై చెవులదాకా జారుతుంది. కార్యకర్త వెనకనుంచి పట్టుకుంటాడు. మెట్ల దగ్గర డ్రామా సామాన్లు అద్దెకిచ్చేవాడు గడియారం చూసుకుంటూ ఉంటాడు.

“సార్, రాత్రి పదికల్లా ఇచ్చేయాలండీ. రేపు పొద్దున అపోజిషన్ వాళ్ళు బుక్ చేసుకున్నారు.”