ఐరనీ గారు

ఆయన అసలు పేరు మా కాలనీలో ఎవరికీ గుర్తు లేదు. పాలవాడి నుంచి పూజారి దాకా అందరికీ ఆయన ‘ఐరనీ గారు’. రిటైరయ్యాక పొద్దున వాకింగు, రాత్రి టీవీ చర్చలు అలవాటయ్యాయి. ఆ చర్చల్లోంచే ‘ఐరనీ’ అన్న ఇంగ్లిషు మాట ఆయన నోటికి అంటుకుంది. ఏం చెప్పబోయినా ముందు కళ్లజోడు తీస్తారు, కండువా కొసతో తుడుస్తారు, ‘ఐరనీ ఏంటంటే...’ అని ఆగుతారు. మన అజ్ఞానం గురించి మనం ఆలోచించుకోవడానికి ఇచ్చే వ్యవధి అది.

ఏది ఐరనీ, ఏది కాదు అన్న పేచీ ఆయనకు లేదు. గొడుగు పట్టుకెళ్లిన రోజు వాన రాకపోతే ఐరనీ. టీలో పంచదార ఎక్కువైతే ఐరనీ, ఆయనకు షుగరుంది గనక. మొన్నో పెళ్లికి ఆయనా, తోడల్లుడూ ఒకే రంగు చొక్కాల్లో వచ్చారు.

‘చూశావుటోయ్, ఐరనీ!’

‘ఆషాఢం డిస్కౌంట్లో ఇద్దరూ ఒకే కొట్లో కొన్నారు కదా బాబాయ్ గారూ!’

‘అదే మరి ఐరనీ!’

ఈ జబ్బు మనకే కాదు లెండి. కెనడా గాయని అలానిస్ మోరిసెట్ 1995 నాటి ఆల్బమ్‌లో ‘ఐరనిక్’ అని ఓ పాట పాడింది. పెళ్లి రోజు పడ్డ వాన కూడా అందులో ఐరనీయే. అది ఐరనీ కాదు, ఖర్మ అని ఇంగ్లిషు పండితులు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.

రాజకీయాల్లోకి వచ్చేసరికి ఐరనీ గారికి పూనకమే. 2014 ఎన్నికల తర్వాత వైసీపీ ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశంలోకి దూకారు. 2019 మే 23న ఓట్లు లెక్కపెడితే తెలుగుదేశానికి వచ్చినవి సరిగ్గా 23 సీట్లు. ఆ రోజు ఆయన టీ కొట్టు బల్ల దిగలేదు. ‘ఇరవైమూడు, ఇరవైమూడు, ఇరవైమూడు! ఇంతకంటే ఐరనీ ఉందిటోయ్?’ ఐదేళ్లు తిరిగేసరికి 151 సీట్ల వైసీపీ 11కి దిగింది. ‘మధ్యలో అయిదు ఎగిరిపోయింది, ఐరనీ!’ అని మళ్లీ అదే బల్ల ఎక్కారు. అంకెలు కలవడం కాకతాళీయం, అంతే. అది ఐరనీ అయితే లాటరీ కొట్టువాడు మహాకవి కావాలి.

అసలు ఐరనీ ఆ అంకెల వెనకే ఉంది. ఇలాంటి దూకుళ్లు ఆపడానికే 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఒక్కడు దూకితే పదవి పోతుంది. మూడో వంతు మంది చేతులు పట్టుకుని దూకితే మాత్రం చీలిక, తప్పులేదన్నారు. ఫిరాయింపులు మాన్పించడానికి పుట్టిన చట్టం గుంపుగా ఫిరాయించడం నేర్పింది! 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ‘విలీనం’ అనే తలుపు మాత్రం తెరిచే ఉంచారు. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది ఆ తలుపులోంచే టీఆర్‌ఎస్‌లోకి నడిచారు. లెక్క పక్కాగా సరిపోయింది. ఇదంతా ఐరనీ గారికి విన్నవించుకుంటే పెదవి విరిచారు. ‘అది చట్టం లేవోయ్. అందులో ఐరనీ ఏముంది?’

ఉగాదికి వాకర్స్ సంఘం వాళ్లు ‘మితభాషణం’ మీద నాలుగు మాటలు చెప్పమని ఆయన్ని పిలిచారు. గంటన్నర చెప్పారు. మైకు కుర్రాడు విసిగి వైరు పీకేస్తే, గొంతు పెంచి మరో పావుగంట చెప్పారు. జనం విరగబడి నవ్వారు. ఇంటికొస్తూ దారిలో నన్ను ఆపి, ‘ఎందుకు నవ్వారోయ్ వాళ్లు?’ అని అడిగారు. ‘కన్యాశుల్కం’ నాటకంలో వేశ్యల పొడ గిట్టని సౌజన్యారావు పంతులు ఇంటికే మధురవాణి మగవేషంలో వచ్చి కూర్చుంటుంది. ఆ సంగతి చూసే మనకు తెలుసు, పంతులుగారికి తెలీదు. ఐరనీ గారిదీ అదే కథ. జీవితమంతా ఐరనీ కోసం వెతికిన మనిషి, తానే అందులో పాత్రయిన పూట పోల్చుకోలేకపోయారు.

టీ కొట్టు దగ్గర ఈ మాటతో ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా మైకుల దగ్గరే. శంకుస్థాపన రాయి పాతబడుతున్నా వంతెన లేవదు. ‘ఐరనీ ఏంటంటే...’ అంటాడు చర్చలో కూర్చున్న పెద్దమనిషి. నిన్నటిదాకా తిట్టిన పార్టీ కండువా వేసుకుని, మరో నాయకుడూ అదే మాటతో మొదలుపెడతాడు. దాంతో తప్పు ఎవరూ చేయనిదైపోతుంది. మాట తప్పినవాణ్ని మాట తప్పాడనే అనండి, దొంగలెక్కను దొంగలెక్క అనే అనండి. మాట తప్పినవాణ్ని ఎన్నికల్లో ఓడించొచ్చు. ఐరనీని ఓడిద్దామంటే ఈవీఎం మీద దానికి గుర్తే లేదు.