ఆర్ స్క్వేర్ బావ

మా అక్క మొగుడికి ఆర్ స్క్వేర్ పిచ్చి, అంటే గీత చుక్కలకి ఎంత బాగా అతికిందో చెప్పే అంకె పిచ్చి. ఏ రెండు వరసల అంకెలు కంటబడ్డా ఎక్సెల్ తెరిచి, చుక్కలు పెట్టి, గీత గీసి, "ఎంతొచ్చిందో చెప్పుకో" అంటాడు. 0.99 కి తగ్గితే ఆ పూట ముద్ద దిగదు. ఇలాంటివాళ్లు ఆఫీసుకొకరు ఉంటారు. మా ఖర్మకొద్దీ మాకు ఇంటల్లుడే దొరికాడు.

బావ చేసేది వరి మీద పరిశోధన. నత్రజని వేసేకొద్దీ దిగుబడి పెరుగుతుంది, తర్వాత మందగిస్తుంది, మరీ ఎక్కువైతే పైరు పడిపోయి, చీడపీడలు ముసిరి, గింజ తగ్గుతుంది. ఈ వంపు సంగతి రైతుకీ తెలుసు, బావకీ తెలుసు. కానీ ఏడు మోతాదుల ఫలితాలకి మామూలు వంపు గీస్తే తొంభై తొమ్మిది రాలేదని, ఎక్సెల్ ఇచ్చే ఆఖరి మెట్టు ఆరో ఘాతం దాకా ఎక్కేశాడు. సరిగ్గా 1 వచ్చింది! మైసూర్‌పాక్ తెచ్చాడు.

"ఏడు చుక్కలకి ఆరో ఘాతం వేస్తే లాటరీ నంబర్లకైనా 1 వస్తుంది బావా! చుక్కల మధ్య ఆ మెలికలు చూడండి. ఇంకాస్త యూరియా వేస్తే మీ గీత సున్నా కిందికి పోతోంది. రైతే చేనుకి వడ్లు ఎదురివ్వాలా?" అన్నాను.

"నువ్వు మైసూర్‌పాక్ తిను" అన్నాడు.

అంతకుముందు, పప్పులో ఉప్పుకీ మేం వేసిన మార్కులకీ సహసంబంధం కట్టాడు. తక్కువైతే చప్పన, ఎక్కువైతే ఉప్పుకషాయం. మార్కులు మధ్యలో పెరిగి, అటూ ఇటూ సమానంగా తగ్గాయి. అలాంటప్పుడు గుణకం సున్నా దగ్గరే తేలుతుంది. "ఉప్పుకీ రుచికీ సంబంధం లేదు" అని తేల్చేశాడు. మర్నాడు అక్క ఉప్పులేని పప్పు వడ్డించి, "సంబంధం లేదన్నారుగా, తినండి" అంది. తిన్నాడు పాపం, మాట మీద నిలబడే మనిషి.

బుద్ధొస్తుందని గణాంకవేత్త యాన్‌స్కోంబ్ 1973 లో ఇచ్చిన నాలుగు పటాలు చూపించాను. ఒక్కోదాంట్లో పదకొండు చుక్కలు. సరళరేఖ గీస్తే నాలుగింటికీ ఆర్ స్క్వేర్ 0.67. ఒకటి మామూలు చెదురు చుక్కలు, ఒకటి నిఖార్సైన వంపు, మిగతా రెంటినీ ఒంటరి చుక్క ఒక్కోటి తనవైపు లాగేసింది. అంకెను నమ్మే ముందు పటం చూడాలని దాని సారాంశం. బావ కళ్లజోడు సర్దుకుని చూసి, "0.67 ఏనా? నాలుగూ పనికిరావు" అన్నాడు.

అలాగని పనిదొంగ కాడు. తెల్లారకముందే పొలంలో దిగి, మడి మడికీ కోత తూకం దగ్గరుండి వేయిస్తాడు. అంకెల్లో పొల్లు ఉండదు. పొల్లంతా గీతలోనే.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఒక మడిని లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, మిగతావాటితో గీత గీసి, ఆ మడి దిగుబడిని అది ఏమాత్రం అందుకుంటుందో చూడాలి. గీశాడు. గీత ఒక దిక్కు, మడి ఒక దిక్కు. బావ చాలాసేపు ఆలోచించి పెన్ను మూశాడు.

"ఆ మడిలో ఎలుకలు పడ్డాయిరా."